దీక్ష విరమించిన మరునాడు

ఏటా కార్తిక మాసం ప్రవేశించేసరికి మచిలీపట్నం, గుడివాడ పట్టణాల్లోనూ, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలున్న దివిసీమలోనూ నల్లబట్టలు, ఎర్రబట్టలు కట్టిన మనుషులు బజార్లలో, పొలంగట్ల మీద, చేపల రేవుల్లో విరివిగా కనిపిస్తారు. శబరిమల అయ్యప్ప పేర, బెజవాడ ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మ పేర మాల వేసుకున్న వీరిలో అంతకుముందు రోజు వరకు పొద్దుగూకగానే మద్యం దుకాణం దారి పట్టినవారు తక్కువేమీ కాదు. అయినా మండల కాలం, అంటే 41 రోజులు, వారు చుక్క ముట్టకుండా చన్నీటి స్నానాలతో, చాప పడకతో, మితాహారంతో గడుపుతారు. దీన్ని భక్తి మహిమగా మాత్రమే చెప్పుకుని ఊరుకుంటే అందులో ఇమిడి ఉన్న సామాజిక నిర్మాణం మరుగున పడిపోతుంది.

ఆ నిర్మాణాన్ని దగ్గరగా పరిశీలించదగును. మాల పడిన క్షణం నుంచి మనిషి పిలుపు మారుతుంది. కూలీ అయినా, ఆసామి అయినా, ఇంట్లో భార్య పిలిచినా, వీధిలో పసిపిల్లవాడు పిలిచినా అతడు ‘స్వామి’యే. తాగుడుకు అలవాటైన సాయంకాలపు గంటలను భజన, పడిపూజ, భిక్ష ఆక్రమిస్తాయి. ఇదే దారిలో ఏళ్లుగా నడిచిన గురుస్వామి ఒకరు పక్కన ఉండి, నియమం ఎక్కడ తప్పే ప్రమాదం ఉందో ముందే చెబుతాడు. నిన్నటిదాకా ‘ఒక్క పెగ్గుకు ఏమవుతుంది, రారా’ అని చెయ్యి పట్టుకుని లాగిన స్నేహితుడు కూడా మాల చూసి దూరంగా తప్పుకుంటాడు. కొత్త గౌరవం, నిండిన సమయం, అనుభవజ్ఞుడి తోడు, ఒకే నియమానికి కట్టుబడిన బృందం: వ్యసన చికిత్సకులు రోగులకు కల్పించాలని ప్రయత్నించేవి సరిగ్గా ఇవే. 42వ రోజున మాలతో పాటు వీటన్నిటినీ ఒక్కసారిగా తీసివేయడం జరుగుతుంది. పిలుపు పాతదవుతుంది, బృందం చెదిరిపోతుంది, సాయంత్రం మళ్లీ ఖాళీ అవుతుంది. ఆ వెంటనే సంక్రాంతి వస్తుంది. డెల్టా పల్లెల్లో కోడిపందేల బరుల చుట్టూ మద్యం ఏరులై పారే రోజులవి. దీక్షలో అంత నిష్ఠగా ఉన్న మనిషి వారం తిరగకుండా పాత స్థితికి చేరితే ఊరు దాన్ని అతడి బలహీనతగా లెక్కగడుతుంది గానీ, అతడిని నిలబెట్టిన ఊతాలన్నీ ఒకేరోజు తొలగిపోయాయన్న సంగతిని గమనించదు.

దీక్ష ఆరంభంలో మరో ప్రమాదం ఉంది, దాన్ని గురించి మాల వేసే ప్రతి పీఠంలోనూ తెలిసి ఉండటం అవసరం. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువ మోతాదులో తాగిన మనిషి మెదడు మద్యం ఉన్న స్థితికే సర్దుకుని ఉంటుంది కనుక, ఉన్నట్టుండి మానివేస్తే కొద్ది గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మరికొందరు లేనివాటిని చూస్తూ, ఎవరితోనో మాట్లాడుతూ, తామెక్కడున్నదీ తెలియని అయోమయంలో పడతారు. వైద్యశాస్త్రం డెలీరియం ట్రెమెన్స్ అని పిలిచే ఈ స్థితిలో సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇంటివారు దీన్ని దీక్షలో జరిగిన అపచారమనో, గాలి సోకిందనో భావించి గుడి చుట్టూ తిప్పడం వల్ల విలువైన గంటలు వృథా అవుతాయి. నీరసంగా ఉన్నాడని ఊళ్లోనే గ్లూకోజు సెలైను ఎక్కించడం కూడా నిరపాయం కాదు; దీర్ఘకాలం తాగినవారి శరీరంలో బి1 విటమిను, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది కాబట్టి ముందుగా దాన్ని అందించకుండా గ్లూకోజు ఇస్తే మెదడుకు శాశ్వతమైన నష్టం జరిగే అవకాశం ఉంది. వణుకు, మూర్ఛలు రాకుండా కొద్దిరోజులు వాడవలసిన మందులు జిల్లా ఆసుపత్రి స్థాయిలో దొరికేవే. మాల వేసుకోవడానికి కొన్నిరోజుల ముందు వైద్యుడిని కలవమని గురుస్వామి చెప్పే ఒక్క మాట ఒక కుటుంబాన్ని కాపాడగలదు.

తాగేవారందరూ వ్యసనపరులు కారు. తాగాలనే తపనను అదుపు చేసుకోలేకపోవడం, మొదలుపెడితే ఆపలేకపోవడం, అదే మత్తు కోసం మోతాదు పెరుగుతూ పోవడం, మానితే శరీరం ఎదురుతిరగడం, ఇల్లూ పనీ వెనుకబడిపోవడం, కీడు జరుగుతోందని తెలిసినా కొనసాగించడం వంటి లక్షణాల్లో కొన్ని కలిసి కనిపించినప్పుడు వైద్యులు దాన్ని పరాధీనత అంటారు. ఇది మెదడు పనితీరులో వచ్చిన మార్పుతో ముడిపడిన జబ్బు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీలోని ఎయిమ్స్ జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే, దేశంలో 5.7 కోట్ల మందికి పైగా మద్యం వల్ల హాని జరిగే స్థాయిలోనో, పరాధీన స్థితిలోనో ఉన్నారని అంచనా వేసింది; ఈ సమస్య తీవ్రంగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌ను కూడా చేర్చింది. అదే సర్వే ప్రకారం మద్యానికి పరాధీనులైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతుండగా, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందుతున్నది 180 మందిలో ఒక్కరే. మిగిలిన వారిని చూసుకుంటున్నది కుటుంబాలే, అదీ ఏ సాయమూ లేకుండా.

ఈ ఖాళీలోకి వచ్చే ఏర్పాటునే తోటివారి ఆసరా అంటారు. ఒక జబ్బును అనుభవించి కోలుకుంటున్న మనిషి, అదే జబ్బుతో సతమతమవుతున్న మరొకరికి క్రమపద్ధతిలో తోడు నిలవడం దీని సారం. ఇది వైద్యం కాదు, ఉపదేశం అంతకన్నా కాదు. ‘ఆ మూడో రాత్రి నాకూ గోడమీద పురుగులు కనిపించాయి, తెల్లవారాక తగ్గింది’ అని చెప్పగలిగిన వాడి మాటకు పెద్ద డిగ్రీలున్న వైద్యుడి మాటకు లేని బరువు ఉంటుంది. ఆధునిక కాలంలో ఈ పద్ధతికి స్థిరమైన రూపమిచ్చింది 1935లో అమెరికాలోని యాక్రన్ పట్టణంలో బిల్ అనే షేర్ వ్యాపారి, బాబ్ అనే శస్త్రవైద్యుడు కలిసి ఆరంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్. ఫీజు లేకపోవడం, ఇంటిపేరు అడగకపోవడం, జీవితాంతానికి ఒట్టు పెట్టించకుండా ఈ ఒక్కరోజుకు తాగకుండా ఉండటాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం, కొత్తవాడికి పాతవాడు వ్యక్తిగతంగా తోడుండటం దాని పద్ధతులు. 1957లో భారతదేశంలో అడుగుపెట్టిన ఈ ఉద్యమానికి నేడు తెలుగునాట కూడా బృందాలున్నాయి. మందుబాబుల భార్యలు, తల్లులు, పిల్లల కోసం 1951లో అల్-అనాన్ విడిగా ఏర్పడింది. ఈ సమావేశాల ప్రభావాన్ని పరీక్షించిన అధ్యయనాలను 2020లో కాక్రేన్ సంస్థ క్రోడీకరించి, మద్యాన్ని పూర్తిగా మానివేసి నిలబడే విషయంలో ఇవి ఇతర మానసిక చికిత్సలకు తీసిపోవనీ, కొన్ని సందర్భాల్లో మెరుగనీ తేల్చింది.

కృష్ణా డెల్టాకు మద్యంతో ఉన్న రాజకీయ సంబంధం కూడా చిన్నది కాదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల్లో చదువు నేర్చుకున్న స్త్రీలు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుండగా, సారా దుకాణాన్ని మూయించడంతో రగిలిన ఉద్యమం రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం అమలులోకి వచ్చింది. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టి, 1983, 1985 ఎన్నికల్లో గుడివాడ నుంచి గెలిచిన ఎన్.టి. రామారావు 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి సంపూర్ణ మద్యనిషేధానికి సంతకం పెట్టగా, అది 1995 జనవరి 16 నుంచి అమలై 1997లో రద్దయింది. ఆ తరువాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా దుకాణాల లెక్క, వేళలు, యాజమాన్యం మారుతూ వచ్చాయి: 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, 2024లో అవి తిరిగి ప్రైవేటువారి చేతికి వెళ్లాయి.

ఆ స్త్రీల పోరాటం తెలుగు సమాజం గర్వించదగిన ఘట్టాలలో ఒకటి, దాని విలువను తగ్గించే ఆలోచన ఎవరికీ తగదు. అయితే ఆ ఉద్యమమూ, దాని తరువాత వచ్చిన ప్రభుత్వాలూ దుకాణం మీద పెట్టినంత దృష్టి అప్పటికే పరాధీనుడైపోయిన మనిషి మీద పెట్టలేదు. సారా ఆగిన రోజున అతడి శరీరం ఏమవుతుంది, అతడికి మంచం ఎక్కడ దొరుకుతుంది, ఇంటికి వచ్చాక ఎవరు పలకరిస్తారు అనేవి రాజకీయ ప్రశ్నలుగా ఎదగలేదు. తాగుబోతు అనే పేరుతో అతడు ఉద్యమానికి ఎదుటి పక్షంలోనే ఉండిపోయాడు. ముప్పై ఏళ్లు గడిచాక కూడా మద్యం మీద ఎన్నికల వేదికల నుంచి వినిపించే మాటల్లో ధర, నాణ్యత, దుకాణాల సంఖ్య ఉంటాయి. చికిత్స మాట అరుదు.

దివిసీమ విషయంలో ఈ మౌనం మరింత బరువైనది. 1977 నవంబరు 19న ఐదు మీటర్లకు మించి లేచిన ఉప్పెన కృష్ణ పాయల మధ్య ఉన్న ఈ లంకభూమిని ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. సొర్లగొంది వంటి తీర గ్రామాల్లో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. అవనిగడ్డకు చెందిన మండలి వెంకటకృష్ణారావు సహాయ చర్యల్లో తలమునకలయ్యారు, దేశవిదేశాల నుంచి బియ్యం, బట్టలు, ఇళ్లు వచ్చాయి. కానీ బిడ్డ చెయ్యి జారిపోయిన తల్లి నిద్రపట్టని రాత్రులకు ఏ పద్దులోనూ చోటు లేదు, ఎందుకంటే అప్పటికి దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమే లేదు. అది 1982లో మొదలైంది. విపత్తు గడిచిన తరువాత ఏళ్ల తరబడి వెంటాడే పీడకలలు, అకారణ భయం, ఏ పనీ తోచని నిస్పృహ నేడు వైద్యులు సులువుగా గుర్తించగల జబ్బులు. ఆ నొప్పిని మరచిపోవడానికి మద్యాన్ని ఆశ్రయించడం ప్రపంచమంతటా కనిపించేదే. తుఫాను హెచ్చరిక వినబడగానే గుండె దడదడలాడే వృద్ధులు దివిసీమలో ఇంకా ఉన్నారు. ఒకే విషాదాన్ని పంచుకున్నవారు కూర్చుని మాట్లాడుకోవడానికి వేదిక కల్పించడం అంత ఖర్చుతో కూడినదేమీ కాదు.

వైద్యం ఎంత దూరంలో ఉందన్నది తరువాతి ప్రశ్న. మానసిక వైద్యాన్ని పెద్ద ఆసుపత్రుల గోడలు దాటించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేర్చవచ్చని బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ 1980లలో కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో నిరూపించగా, ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. తొలి విడతలో ఎంపికైన జిల్లాలలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడం ఈ ప్రాంతానికి పెద్ద ఊరట. అయినా మానసిక వైద్యమనగానే బందరు (మచిలీపట్నం) వారూ, గుడివాడ వారూ, దివిసీమ వారూ అలవాటుగా చూసేది విజయవాడ వైపే. బందరు నుంచి 70 కిలోమీటర్లు, అంటే రోగికీ తోడు వచ్చినవారికీ ఆ రోజు కూలీ పోవడం, రెండువైపులా బస్సు చార్జీలు, నెలనెలా అదే తంతు. చాలామంది మూడో నెలకో నాలుగో నెలకో మందులు ఆపివేయడానికి కారణం నిర్లక్ష్యం కాదు, ఈ లెక్కే.

హక్కుల సాధన అనే మాటకు ఇక్కడే అర్థం ఏర్పడుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చిక్కుకుని కదలలేక కాలిపోయిన తరువాత దేశం కొంత కళ్లు తెరిచింది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని నిషేధించడమే కాక, మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. 18వ సెక్షన్ ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అన్నది. జిల్లాలో కనీస సేవలు లేకపోతే అదే జిల్లాలోని మరే ఇతర సంస్థలోనైనా చికిత్స పొందవచ్చనీ, ఖర్చు ప్రభుత్వమే భరించాలనీ చెప్పింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లిపోయాక ఈ నిబంధనలోని ‘అదే జిల్లా’ అన్న మాట కృష్ణా జిల్లా వారికి ఎంత కీలకమో తేలికగానే తెలుస్తుంది: వైద్యం అవతలి జిల్లాలో పోగుపడి ఉన్నప్పుడు, ఇవతలి జిల్లాలో సేవలు పెంచమని అడగడం తప్ప మార్గం లేదు. 98వ సెక్షన్ ప్రకారం రోగిని ఇంటికి పంపేముందు అతడితోనూ, అతడు నామినేట్ చేసిన ప్రతినిధితో లేదా కుటుంబంతోనూ చర్చించి తదుపరి సంరక్షణకు ప్రణాళిక వేయడం వైద్యుడి బాధ్యత. మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డులలో రోగులకు, సంరక్షకులకు లేదా వారి పక్షాన పనిచేసే సంస్థలకు రెండు స్థానాలు ఉండాలని చట్టం నిర్దేశించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే 115వ సెక్షన్ భావిస్తుంది కాబట్టి, కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడంలో ఆలస్యం చేయవలసిన పని లేదు.

ఈ హక్కులను వాడుకోవడం నేర్పేది మళ్లీ తోటివారే. 40 శాతం వైకల్యం నిర్ధారణ అయితే దీర్ఘకాలిక మానసిక జబ్బు ఉన్నవారూ సదరం సర్టిఫికెట్ పొంది, 2024లో రూ. 6,000కు పెరిగిన పింఛనుకు అర్హులవుతారన్న సంగతి, ఒకసారి ఆ శిబిరానికి వెళ్లి వచ్చిన తల్లి మరో తల్లికి చెప్పినప్పుడే పనికి వస్తుంది. మానసిక ఆరోగ్య సాయానికి ఉన్న టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చన్నదీ, వ్యసనాల కోసం 14446 ఉన్నదన్నదీ అంతే. భర్తకు తెలియకుండా కూరలో కలిపే మాత్రల విషయంలో మౌనం వహించడం నేరంతో సమానం: తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ రోగి అంగీకారంతో, వైద్యుడి పర్యవేక్షణలో మాత్రమే వాడవలసిన మందు, అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కొక్కప్పుడు మరణం కూడా సంభవిస్తాయి. నిస్సహాయతతో ఆ పని చేసే ఇల్లాలిని నిందించడానికి బదులు, ఆమెకు వేరే దారి చూపించవలసిన బాధ్యత సమాజానిది.

వైద్యులు కానివారు ఈ పని చేయగలరా అన్న సందేహానికి జవాబు మన దేశంలోనే ఉంది. తమిళనాడులోని కావేరి డెల్టాలో, మంజక్కుడి గ్రామంలో, శాంతి రంగనాథన్ స్థాపించిన చెన్నై సంస్థ 1989 నుంచి ఊళ్లోనే శిబిరం పెట్టి మద్యపరులకు చికిత్స చేసింది; భూమి, పంట, కాలువ మన డెల్టాను పోలినవే. గోవాలో సంగత్ సంస్థ శిక్షణనిచ్చిన సామాన్య సలహాదారులు, ఇంకా పూర్తి పరాధీనతకు చేరని పురుషులతో కొద్దిసార్లు మాట్లాడిన తరువాత, మూడు నెలలకు గడిచిన రెండు వారాల్లో అసలు తాగనివారు 42 శాతం ఉండగా, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 18 శాతమే ఉన్నారని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఆత్మీయత కార్యక్రమం గ్రామస్థులకే శిక్షణనిచ్చి దిగులు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి తోడు నిలిచేలా చేయగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అనుసరించదగిన నమూనాలలో పేర్కొంది.

దిగువ డెల్టాలో ఇటువంటి పనికి కావలసిన ముడిసరుకు లోటు లేదు. పొదుపు సంఘాల స్త్రీలకు వారం వారం కూర్చుని లెక్కలు చూసే అలవాటు ఉంది, వారి సమావేశంలోనే నెలకోసారి అల్-అనాన్ తరహాలో ఒక గంట కేటాయించవచ్చు. పురుషుల సమావేశానికి చోటు ఎంపిక చేయడంలో మాత్రం జాగ్రత్త కావాలి: రామాలయం అరుగు మీద పెడితే దళితవాడ రాదు, చర్చిలో పెడితే మరికొందరు రారు, పంచాయతీ కార్యాలయమైతే రాజకీయ వర్గాలు అడ్డువస్తాయి. తీర గ్రామాల్లో తుఫాను షెల్టర్లు మామూలు రోజుల్లో ఊరందరికీ చెందిన తటస్థ స్థలాలు; బడి వరండాలు, గ్రంథాలయాలు మరికొన్ని. వేళలు కూడా ఆ ప్రాంతపు పని క్యాలెండరును బట్టి ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజులు, కోతల కూలీ చేతికొచ్చే వారం, సంక్రాంతి ముందు రోజులు, మాల విరమణ జరిగిన మరుసటి సాయంత్రం: సమావేశం తప్పనిసరిగా ఉండవలసింది అప్పుడే. గురుస్వామి బృందం మరో ఆరు వారాలు అదే వేళకు కలుసుకోవడానికి మాల అవసరం లేదు.

ఆసరాగా నిలిచేవారికీ హద్దులు, రక్షణ ఉండాలి. విన్నదాన్ని సమావేశం బయట పెట్టకూడదు, మందులు మార్చమనో మానమనో చెప్పకూడదు, అప్పు ఇవ్వకూడదు, ప్రాణాపాయపు మాట వినబడితే ఒంటరిగా మోయకుండా వెంటనే వైద్యుడికి అప్పగించాలి. వీరి సేవను ఉచిత శ్రమగా వాడుకోవడం అన్యాయం. ఆశా కార్యకర్తకు ఉన్నట్టే వీరికీ పారితోషికం, నెలకోసారి మానసిక వైద్యుడి పర్యవేక్షణ కల్పించాలి. వ్యసనం తిరగబెట్టే స్వభావం గల జబ్బు కనుక, ఆసరా ఇచ్చే మనిషి కూడా ఒకరోజు మళ్లీ తాగవచ్చు. అప్పుడు అతడిని బాధ్యతల నుంచి కొంతకాలం తప్పించాలి గానీ సమావేశానికి రానివ్వకుండా చేయకూడదు. ఈ నియమాన్ని మొదటి సమావేశంలోనే, అటువంటిదేమీ జరగకముందే, అందరి ముందూ చదివి వినిపించాలి.